డోన్ స్పెన్సర్ రోడ్‌స్టర్‌కి అసలు రూపం ఏది?

కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ అనే చోట, సముద్రాన్ని ఆనుకుని ఉన్న గోల్ఫ్ మైదానంలో ఏటా ఆగస్టులో పాత కార్ల పోటీ జరుగుతుంది. ఈ పోటీ 1950లో మొదలైంది. బుగాటీలు, డ్యూజెన్‌బర్గులు, ఆల్ఫా రోమియోలు పచ్చిక మీద వరసగా నిలబడతాయి. న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని బోల్టుల దాకా పరిశీలిస్తారు. తయారైన రోజున కారు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి, తేడా కనిపిస్తే మార్కులు తెగుతాయి. అలాంటి చోటికి 1997లో మొదటిసారి హాట్ రాడ్‌లకు ప్రత్యేక విభాగం పెట్టి పిలిచారు. హాట్ రాడ్‌లంటే కుర్రాళ్ళు షెడ్డుల్లో కోసి, వెల్డింగ్ పెట్టి, ఇంజన్లు మార్చి, మడ్‌గార్డులు పీకేసి సొంతంగా తయారుచేసుకున్న కార్లు. ఆ ఏడాది ఆ విభాగంలో మొదటి బహుమతి ఒక నల్లటి 1932 ఫోర్డ్‌కి వచ్చింది. అదే డోన్ స్పెన్సర్ అనే కుర్రాడు ఏళ్ళ తరబడి పనిచేసిన రోడ్‌స్టర్.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ రూపానికి ఎంత దూరం వెళ్ళిందన్నదే ఆ కారు గొప్పతనం, మరి అది సరిగ్గా ఉందని తేల్చడం ఎలా? దేంతో పోల్చి చూడాలి? ఆ కారు 1932లో ఒకలా ఉంది, 1944లో ఇంకోలా, 1950 ప్రాంతంలో మరోలా, 1970ల్లో పూర్తిగా వేరేలా. ప్రతి రూపాన్నీ కళ్ళారా చూసి గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. బాగుచేయాలంటే వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి, ఎంచుకున్నాక మిగతావి పోతాయి. పాత హాట్ రాడ్‌ల గురించి మాట్లాడేటప్పుడు హార్స్‌పవర్, క్రోమ్, వేగం అని ఎన్నో చెబుతారు గానీ, నాకు వాటన్నిటికంటే ఈ ఎంపిక ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఒక వస్తువు చరిత్రని ఎవరు నిర్ణయిస్తారన్నది ఇందులో చాలా స్పష్టంగా కనబడుతుంది.

ముందు ఆ కారు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్నప్పుడు, 1932 వసంతంలో హెన్రీ ఫోర్డ్ ఒక వి8 ఇంజన్ కారు బయటికి తెచ్చాడు. వి8 అంటే ఎనిమిది సిలిండర్లు వి ఆకారంలో ఉండే ఇంజన్. అలాంటివి అంతకుముందూ ఉన్నాయి, కానీ ఎక్కువగా డబ్బున్నవాళ్ళ కార్లలోనే. ఫోర్డ్ చేసిందేమిటంటే, ఎనిమిది సిలిండర్ల బ్లాకు మొత్తాన్నీ ఒకే పోతలో పోయించి ఖర్చు తగ్గించాడు. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్ల ఇంజన్, 65 హార్స్‌పవర్. మామూలు రకం వి8 రోడ్‌స్టర్ ధర 460 డాలర్లు. రోడ్‌స్టర్ అంటే పైకప్పు బట్టతో మడిచేసేది, పక్క అద్దాలు ఎత్తే దించే ఏర్పాటు లేనిది, ఇద్దరు కూర్చునే తేలికపాటి బండి. ఫోర్డ్ రకాల్లో చవకైనవాటిలో ఒకటి కూడా. చలికీ వానకీ పనికిరాదు కాబట్టి సంసారులు దాని జోలికి వెళ్ళలేదు. పదేళ్ళు గడిచేసరికి సెకండ్ హ్యాండ్‌లో దాని ధర బాగా పడిపోయింది, కుర్రాళ్ళ చేతికి అందింది.

1932 ఫోర్డ్‌కి మరో ప్రత్యేకత ఉంది. దాని ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) పక్క పట్టీలు బయటికే కనిపిస్తాయి, వాటి మీద బాడీ వంపుని అనుసరిస్తూ సాగే ఒక గీత ఫ్యాక్టరీలోనే అచ్చు వేసి వచ్చేది. మడ్‌గార్డులు విప్పేస్తే మామూలుగా కార్లు బోసిగా, ఏదో ఊడిపోయినట్టు కనిపిస్తాయి. ఇది మాత్రం అలా విప్పాకే ఇంకా బాగుంటుంది, పట్టీ మీది ఆ గీత వల్ల. పెట్రోలు ట్యాంకు వెనక చివర, ఛాసిస్ కొమ్ముల మధ్య బిగించి ఉంటుంది కాబట్టి వెనక నుంచి చూసినా వెలితి ఉండదు. ఈ రూపం ఆ ఒక్క ఏడాదిదే, 1933కి ఫోర్డ్ మొత్తం మార్చేసింది. ఇప్పటికీ హాట్ రాడ్ అనగానే జనం కళ్ళ ముందుకి వచ్చేది ఈ కారే. 2014లో అమెరికా తపాలా శాఖ హాట్ రాడ్‌ల మీద స్టాంపులు వేసినప్పుడు కూడా 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ బొమ్మలే వేసింది.

ఆ ఇంజన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ళు ఏం మార్చారో, ఎందుకు మార్చారో అది తెలిస్తేనే అర్థమవుతుంది. దాన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. ఈనాటి ఇంజన్లలో వాల్వులు సిలిండర్ల పైన, హెడ్‌లో ఉంటాయి. ఇందులో సిలిండర్ల పక్కన, బ్లాకులోనే ఉండేవి. హెడ్ అంటే పైన మూసే మూత, అంతే. కాలిన వాయువు బయటికి పోవాలంటే వి ఆకారం మధ్యలో ఉన్న వాల్వుల దగ్గర బయలుదేరి, సిలిండర్ల సందుల్లోంచి బ్లాకు అడ్డంగా ప్రయాణించి బయటివైపుకి రావాలి. ఆ దారికి చుట్టూ చల్లబరిచే నీళ్ళే. అంటే ఎగ్జాస్ట్ వేడి నేరుగా రేడియేటర్ నీళ్ళలోకి ఎక్కుతుంది. అందుకే ఈ ఇంజన్లు తొందరగా మరిగేవి. పైగా ఒక్కో పక్క సిలిండర్లు నాలుగైతే ఎగ్జాస్ట్ దారులు మూడే, మధ్యలో రెండు సిలిండర్లకి కలిపి ఒకటే దారి. గాలి సరిగా ఆడని ఇంజన్ అన్నమాట.

అయినా కుర్రాళ్ళకి ఇది తెగ నచ్చింది. చవక, గట్టిది, భాగాలు ఏ పాత సామాన్ల కొట్టులోనైనా దొరుకుతాయి, ఒక ఏడాది ఇంజన్ భాగం ఇంకో ఏడాది ఇంజన్‌కి చాలావరకు సరిపోతుంది. ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్ ఒకటి బదులు రెండు, మూడు స్ట్రామ్‌బర్గ్ 97 రకంవి పెట్టేవాళ్ళు. ఇనప హెడ్‌లు తీసి, కంప్రెషన్ పెంచే అల్యూమినియం హెడ్‌లు వేసేవాళ్ళు. వాల్వులని తెరిచే క్యామ్ షాఫ్ట్‌ని కొత్త కోణాల్లో అరగదీయించేవాళ్ళు, బోరు (సిలిండర్ వెడల్పు) పెంచేవాళ్ళు, మెర్క్యురీ కార్ల క్రాంక్ షాఫ్ట్ వేసి స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) పొడిగించేవాళ్ళు. విక్ ఎడెల్‌బ్రాక్, ఎడ్ ఇస్కెండేరియన్ లాంటివాళ్ళు ఇలా సొంత కార్ల కోసం మొదలుపెట్టిన పనినే తర్వాత వ్యాపారాలుగా పెంచారు. బ్రేకులది ఇంకో కథ. హెన్రీ ఫోర్డ్ 1938 దాకా కడ్డీలతో లాగే మెకానికల్ బ్రేకులనే పట్టుకు వేలాడాడు, హైడ్రాలిక్ బ్రేకులు 1939లోగానీ రాలేదు. కాబట్టి 1932 బండికి 1939, ఆ తర్వాతి బండ్ల బ్రేకులు బిగించడం దాదాపు తప్పనిసరి పని. ఇంజన్ బలం రెట్టింపు చేసి పాత బ్రేకులే ఉంచుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంత కష్టం దేనికంటే, లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన మోహావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సులున్నాయి. మైళ్ళ కొద్దీ చదునైన గట్టి నేల, అడ్డం ఏమీ ఉండదు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే చోట్ల కుర్రాళ్ళు కార్లు తెచ్చి, గాలి తగిలే భాగాలన్నీ విప్పేసి, ఎవరు ఎంత వేగం పోగలరో కొలుచుకునేవాళ్ళు. బరువు తగ్గాలంటే రోడ్‌స్టరే మేలు. 1937లో దక్షిణ కాలిఫోర్నియా క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టుకుని, టైమింగ్‌కీ భద్రతకీ నియమాలు రాసుకున్నాయి. తర్వాత మ్యూరాక్‌ని సైన్యం తీసుకుంది, ఇప్పుడు ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ స్థావరం ఉన్నది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి కుర్రాళ్ళు తిరిగొచ్చాక ఎల్ మిరాజ్ మళ్ళీ నిండిపోయింది. కొందరు విమానాల మీద పనిచేసి వచ్చారు, లోహం, వెల్డింగ్, ఇంజన్లు చేతికి బాగా అలవాటయ్యాయి. హాట్ రాడ్‌ల పనితనం ఆ నాలుగైదేళ్ళలో అంత పైకి వెళ్ళడానికి అది కూడా ఒక కారణం.

డోన్ స్పెన్సర్ ఈ గుంపులోని మనిషే. హాలీవుడ్ కుర్రాడు. ఈ రోడ్‌స్టర్‌ని మొదలుపెట్టింది అతను కాదు, జాక్ డార్న్ అనే స్నేహితుడు. 1944లో అది స్పెన్సర్ చేతికి వచ్చింది. అంటే మనం స్పెన్సర్ కారు అని పిలుస్తున్న దాంట్లో మొదటి కోత ఇంకొకరిది, ఇది గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి స్పెన్సర్ దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు.

ఆ కారుని ఫోటోలో చూసినా ముందు కంటబడేది అద్దం. 1932 ఫోర్డ్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిన అద్దం నిటారుగా నిలబడే ఒకే పలక, దీర్ఘచతురస్రపు ఫ్రేములో. స్పెన్సర్ కారుకి దాని బదులు రెండు పలకల అద్దం ఉంటుంది, మధ్యలో ముక్కులా ముందుకి పొడుచుకొచ్చి, రెండు వైపులా వెనక్కి వాలి, లావుపాటి క్రోమ్ ఫ్రేములో. జార్జ్ డ్యూవాల్ అనే అతను 1930ల్లో సదరన్ కాలిఫోర్నియా ప్లేటింగ్ కంపెనీలో ఉన్నప్పుడు రూపకల్పన చేసింది అది, షాపు బండి కోసం. ఆ అద్దం పెట్టాక కారు ఆగి ఉన్నా ముందుకి దూకబోతున్నట్టు ఉంటుంది. ఫ్రేము అడుగు భాగం బాడీ భుజం మీదికి మెత్తగా దిగి, అక్కడే పుట్టినట్టు కలిసిపోతుంది. ఎవరో తర్వాత తెచ్చి తగిలించారని చెప్పినా నమ్మబుద్ధి కాదు. నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఇంకొకరు ఇంకో బండి కోసం చేసిన వస్తువుని తెచ్చి, ఇది లేకుండా ఈ బండి లేదు అనిపించేలా అమర్చడం.

కానీ స్పెన్సర్ దాన్ని ప్రదర్శన బొమ్మలా దాచుకోలేదు. ఎండిన సరస్సుల మీద పరుగెత్తించాడు, రోజువారీ పనులకీ దాన్నే నడిపాడు, దూర ప్రయాణాలు చేశాడు. 1947లో పసడేనా రోడ్‌స్టర్ క్లబ్ పెట్టిన రిలయబిలిటీ రన్‌లో అందమైన రోడ్‌స్టర్‌గా బహుమతి తెచ్చుకుంది. ఆ రన్‌లో వేగం పరీక్ష కాదు, ఇచ్చిన దారిలో ఇచ్చిన టైముకి, మధ్యలో ఆగిపోకుండా చేరాలి. హాట్ రాడ్ కుర్రాళ్ళంటే రోడ్డు మీద జనాన్ని చంపేసే రౌడీలని పత్రికలు రాస్తున్న రోజులవి. తాము జాగ్రత్తగా నడపగలమని చూపించుకోవడానికే క్లబ్బులు ఇలాంటివి పెట్టేవి. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ హాట్ రాడ్ పత్రిక మొదలుపెట్టినప్పుడూ ఈ మచ్చ తుడుచుకోవడం అందరి మనసులో ఉన్న విషయమే.

ఆ తర్వాత స్పెన్సర్ బుర్రలో ఇంకో పెద్ద ఆలోచన పుట్టింది. మెక్సికోలో 1950లో కర్రెరా పానమెరికానా అనే రేసు మొదలైంది. పాన్ అమెరికన్ హైవేలో మెక్సికో భాగం పూర్తయిన సందర్భంగా, ఉత్తర సరిహద్దు నుంచి దక్షిణ సరిహద్దు దాకా, దాదాపు 3,400 కిలోమీటర్లు, చాలా రోజుల పాటు, ఎడారులూ కొండలూ దాటుకుంటూ సాగే రేసు అది. దానికి తన 1932 ఫోర్డ్‌ని తయారుచేయాలనుకున్నాడు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, హాట్ రాడ్ పనంతా మామూలుగా కారుని నేలకి దగ్గరగా దించడమే. స్పెన్సర్ అందుకు ఎదురు వెళ్ళాడు. రాళ్ళూ గుంతలూ ఉన్న రోడ్డు మీద అడుగున వేలాడే ఎగ్జాస్ట్ గొట్టాలు మొదటి రోజే పగిలిపోతాయి కాబట్టి, గొట్టాలు కిందికి వేలాడకుండా ఛాసిస్ పట్టీలలోంచే దారి చేసి పంపాడు. కారు ఎత్తు పెంచాడు, పెద్ద బ్రేకులు వేశాడు. కొండ దిగుతూ గంటల తరబడి బ్రేకు తొక్కాల్సిన రేసు మరి.

చూడటానికి ఇది చిన్న మార్పులా ఉంటుంది కానీ పని తెలిసినవాళ్ళు ఇక్కడే ఆగి చూస్తారు. ఛాసిస్ పట్టీ బండి బరువంతా మోసే భాగం. అందులో గొట్టం పట్టేంత దారి చేస్తే బలం తగ్గుతుంది, మళ్ళీ చుట్టూ రేకు కలిపి బలం తేవాలి. గొట్టానికీ పట్టీకీ మధ్య సందు ఉండాలి, లేకపోతే వేడికి వ్యాకోచించి రాసుకుంటుంది. ఇదంతా చేసి, బయట నుంచి చూస్తే అతుకు కనబడకుండా చేయడం ఇంకో ఎత్తు. అందానికీ పనికీ తేడా లేకుండా పోయిన చోటు అది, ఆ కారు పేరు నిలబడిందంటే ఇలాంటి పనుల వల్లే.

ఆ రేసులో స్పెన్సర్ పరుగెత్తలేదు. చావులు ఎక్కువైపోయి, 1954 పోటీ తర్వాత మెక్సికో ప్రభుత్వం రేసునే ఆపేసింది. కారు సగంలో నిలిచిపోయింది. ఫ్లాట్‌హెడ్ తీసి, ఫోర్డ్ వాళ్ళ కొత్త ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు పైన హెడ్‌లో ఉండే) వి8 బిగించే పని నడుస్తుండగా, స్పెన్సర్ దాన్ని పూర్తికాని స్థితిలోనే అమ్మేశాడు. కొన్నది రాడ్ అండ్ కస్టమ్ పత్రికలో పనిచేసిన లిన్ వైన్‌లాండ్. ఆయన దగ్గర కూడా అది పూర్తి కాలేదు. 1960ల చివర్లో నీల్ ఈస్ట్ అనే ఇంకో పత్రికా మనిషి కొని, ఓవర్‌హెడ్ ఇంజన్‌తోనే పూర్తిచేసి రోడ్డెక్కించాడు. ఎక్కించి షెడ్డులో పెట్టలేదు, పాతికేళ్ళ పాటు నడిపాడు.

ఈ పాతికేళ్ళ విషయం చాలా కథనాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది, నాకు అది సరికాదనిపిస్తుంది. 1970ల్లో, 80ల్లో ఆ కారుని చూసిన జనం చూసింది ఈస్ట్ నడిపిన కారునే. ఇంజన్ వేరు, తీరు వేరు. కొత్తగా హాట్ రాడ్‌ల మీద మనసు పెట్టిన ఒక తరానికి ఇదిగో డోన్ స్పెన్సర్ కారు అని వేలుపెట్టి చూపించింది ఆ రూపాన్నే. ఆయన కొని పూర్తిచేయకపోతే ఆ విప్పేసిన కారు భాగాలు ఒక్కోటీ ఒక్కో చోటికి అమ్ముడుపోయేవే. అప్పట్లో అలా పోయినవి ఎన్నో. వేగం రికార్డులు కొట్టిన కారైనా సరే, పదేళ్ళ తర్వాత దాని ఇంజన్ ఒకరికి, ఛాసిస్ ఒకరికి పోవడం హాట్ రాడ్‌ల లోకంలో మామూలే.

1990ల మధ్యలో ఈస్ట్ దగ్గర నుంచి బ్రూస్ మేయర్ కొన్నాడు. లాస్ ఏంజెలెస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియంకి మొదటి చైర్మన్ ఆయనే. హాట్ రాడ్‌లని కూడా ఫెరారీలంత గౌరవంగా చూడాలని చాలాకాలం పోరిన మనిషి, పెబుల్ బీచ్‌లో ఆ విభాగం రావడంలో ఆయన పట్టుదల చాలా ఉంది. కారు బాగుచేసే పని హాట్ రాడ్‌ల పనిలో పేరున్న పీట్ చాపురిస్ బృందానికి అప్పజెప్పాడు. అసలు ప్రశ్న వచ్చింది అప్పుడే. ఏ ఏడాదికి తీసుకెళ్ళాలి?

ఫ్యాక్టరీ కారుకి ఈ ప్రశ్న పెద్దగా ఉండదు. ఫోర్డ్ దగ్గర డ్రాయింగులున్నాయి, భాగాల పట్టికలున్నాయి, రంగుల కోడ్‌లున్నాయి, అలాంటివే ఇంకో వెయ్యి కార్లు ఉన్నాయి. అనుమానమొస్తే పక్క కారు చూసుకోవచ్చు. హాట్ రాడ్ విషయంలో పక్క కారు లేదు. ఉన్నవి పాత ఫోటోలు, ఎక్కువగా నలుపు తెలుపువి. వాటిలో రంగు తెలియదు, డ్యాష్‌బోర్డు కింద ఏముందో తెలియదు, సీటు తోలు ఎలా కుట్టారో సగమే కనిపిస్తుంది. ఇంకా ఉన్నవి మనుషుల జ్ఞాపకాలు. ఒకాయన 1948లో చూశాను, ఇలా ఉండేది అంటాడు. ఇంకొకాయన కాదు, అది 1951లో మార్చింది అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కారు నెల నెలా మారుతుండేది, ఎవరు చూసిన రోజు వాళ్ళది. స్పెన్సర్ లాంటి మనిషి శనివారం ఒకటి బిగించి, నచ్చకపోతే తర్వాతి శనివారం విప్పేసి ఉంటాడు. ఏ రోజున కారు పూర్తయిందంటే చెప్పలేం. దాని బతుకులో పూర్తయిన రోజంటూ లేదు.

చివరికి స్పెన్సర్ దగ్గర ఉన్నప్పటి, 1950 ప్రాంతపు రూపాన్ని ఎంచుకున్నారు. ఫ్లాట్‌హెడ్ ఇంజన్ తిరిగొచ్చింది. దాంతో పెబుల్ బీచ్‌లో గెలిచింది. 2007లో 1932 ఫోర్డ్‌కి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆ మోడల్‌లో అత్యంత ముఖ్యమైన 75 హాట్ రాడ్‌లని ఎంచినప్పుడు అందులోనూ ఇది ఉంది.

మన దగ్గర ఈ విషయాన్ని చట్టం చాలా సూటిగా తేల్చేసింది. 2021లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన వాహనానికి వింటేజ్ గుర్తింపు కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అప్పుడే వీఏ అక్షరాలున్న నంబర్ ప్లేటు వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని చెప్పింది. భద్రత కోసం పెట్టిన నియమాలు, కాదనను. కానీ దాని ఫలితం చూడండి. మన జిల్లాల్లో పాత విల్లీస్ జీపులకి పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ బిగించి, వెనక బాడీ పొడిగించి, అడవి దారుల్లో, పొలం పనుల్లో ముప్పై నలభై ఏళ్ళు నడిపిన మెకానిక్కులున్నారు. ఆ పనితనానికి చరిత్రలో చోటు లేదు. వింటేజ్ అనిపించుకోవాలంటే ముందు ఆ మెకానిక్ చేసిందంతా విప్పి పారేయాలి. స్పెన్సర్ కారు ఈ లెక్కన ఏ జాబితాలోకీ ఎక్కదు.

ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా అడిగించే కారు ఒకటుంది, అది మెగీ రోడ్‌స్టర్. అదీ 1932 ఫోర్డే, ఎర్రది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన బాబ్ మెగీ 1947లో తయారుచేశాడు. తలుపుల బందులు బయటికి కనబడకుండా లోపలికి దాచేసి, బానెట్‌ని మూడు ముక్కలుగా కొత్తగా చేయించి, కారుని బాగా కిందికి దించాడు. 1948 అక్టోబరు హాట్ రాడ్ పత్రిక ముఖచిత్రం మీద వచ్చింది. 1950ల మధ్యలో డిక్ స్క్రిచ్‌ఫీల్డ్ కొన్నాడు. ఎల్‌ఏ రోడ్‌స్టర్స్ అనే క్లబ్బుని స్థాపించినవాళ్ళలో ఆయన ఒకరు. ఆయన చేతిలో ఆ కారు ఇంజన్ మారింది, రంగు మారింది, సినిమాల్లో, టీవీలో లెక్కలేనన్నిసార్లు కనబడింది. 1970ల మొదట్లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వేగం రికార్డులకి పేరున్న బోనవిల్ ఉప్పు మైదానం మీద గంటకి 167.21 మైళ్ళ రికార్డు కొట్టింది, అంటే దాదాపు 269 కిలోమీటర్లు. రోడ్డు మీద నడిచే కారుతో, అద్దాలూ లైట్లూ ఉన్న కారుతో.

తర్వాత దాన్నీ బ్రూస్ మేయరే కొన్నాడు, పీట్ చాపురిస్ వాళ్ళే బాగుచేశారు, 1948 ముఖచిత్రం మీద ఉన్న రూపానికి తీసుకెళ్ళారు. అంటే మెగీ దగ్గర ఉన్న కొద్ది ఏళ్ళు నిలబడ్డాయి, స్క్రిచ్‌ఫీల్డ్ దగ్గర గడిచిన అంతకంటే చాలా ఎక్కువ ఏళ్ళు పోయాయి. రికార్డు కొట్టిన కారు అదే, కానీ ఇప్పుడు చూస్తే ఆ రికార్డు జాడ దాని ఒంటి మీద కనబడదు.

నా అభిప్రాయం రెండు కార్లకీ ఒకటే కాదు. స్పెన్సర్ కారు విషయంలో వెనక్కి వెళ్ళడం సరైనదే అనుకుంటాను. ఎందుకంటే దాని విలువంతా ఒక మనిషి చేతిపని, ఆ చేతిపని మొత్తం ఒకచోట కనబడే రూపం స్పెన్సర్ దగ్గర ఉన్నప్పటిదే. కొత్త ఇంజన్ బిగించే పని ఆయనే మొదలుపెట్టాడు కదా, అది కూడా ఆయన నిర్ణయమే కదా అని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన దాన్ని పూర్తిచేయలేదు, పూర్తయిన రూపం ఈస్ట్‌ది. మెగీ కారు విషయంలో మాత్రం నాకు అంత సమాధానం లేదు. ముఖచిత్రం వచ్చిన రూపాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం ఒక మంచి ఫోటో ఉండటమే అనిపిస్తుంది. ఫోటో ఉన్న ఏడాది గెలుస్తుంది, ఫోటో లేని ఏడాది ఓడిపోతుంది. దశాబ్దాల తరబడి ఒక కారుని బతికించి, రికార్డు కొట్టించి, క్లబ్బులు నడిపిన మనిషి వాటా ఒక్క పత్రిక అట్ట ముందు తేలిపోయింది.

1990ల్లో ఈ నిర్ణయాలు తీసుకోవడానికి ఇంకో ఒత్తిడి కూడా ఉంది. పోటీ విభాగం కొత్తది. ఫ్యాక్టరీ రూపాన్ని కొలిచే అలవాటున్న న్యాయనిర్ణేతలకి హాట్ రాడ్‌ని కూడా కొలవగలిగే రూపంలో చూపించాలి. ఇదిగో ఫోటో, ఇదిగో కారు, తేడా ఉంటే చెప్పండి అంటే వాళ్ళకి అర్థమవుతుంది. ఇది అరవై ఏళ్ళుగా మారుతూ వచ్చిన కారు, అన్ని మార్పులకీ మార్కులు వేయండి అంటే ఎలా వేస్తారు? కాబట్టి గౌరవం దొరికింది, దాంతోపాటు ఒక ఏడాది దగ్గర ఆగిపోవడమూ వచ్చింది. అప్పటి పరిస్థితిలో వేరే దారి ఉండేదని నేననుకోను. ఆ గౌరవం రాకపోయి ఉంటే ఇంకా ఎన్నో కార్లు తుక్కులో కలిసేవి.

ఇప్పుడైతే పరిస్థితి వేరు. అమెరికాలో 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ బాడీని కొత్త ఉక్కు రేకుతో అచ్చం అలాగే తయారుచేసి అమ్ముతున్నారు, ఓహైయోలో బ్రూక్‌విల్ అనే కంపెనీ ఏళ్ళుగా ఇదే పనిలో ఉంది. ఛాసిస్ కొత్తది దొరుకుతుంది, డ్యూవాల్ తరహా అద్దం కొత్తది దొరుకుతుంది. డబ్బుంటే 1932 నాటి ఒక్క నట్టు కూడా లేకుండా, స్పెన్సర్ కారుకి నకలు చేయించుకోవచ్చు. చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. పక్కపక్కన పెడితే పది అడుగుల దూరం నుంచి తేడా చెప్పడం కష్టం. అంటే రూపం ఒక్కటే ఇక ఆ కారుని కాపాడలేదు, ఎందుకంటే రూపాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనలేనిది ఆ లోహం మీద ఎవరెవరు ఎప్పుడు చేయి వేశారన్నదే. డార్న్ కోసిన చోటు, స్పెన్సర్ మూసిన రంధ్రం, ఈస్ట్ వేరే ఇంజన్ కోసం మార్చిన బిగింపు. బాగుచేసేటప్పుడు రుద్ది పారేసేది కూడా సరిగ్గా వీటినే.

అందుకే మెగీ రోడ్‌స్టర్‌కి తర్వాత జరిగిన పని నాకు బహుమతుల కంటే పెద్దదనిపిస్తుంది. అమెరికాలో హిస్టారిక్ వెహికల్ అసోసియేషన్ అనే సంస్థ, ప్రభుత్వ అంతర్గత వ్యవహారాల శాఖతో కలిసి, ముఖ్యమైన వాహనాలకి జాతీయ రిజిస్టర్ ఒకటి మొదలుపెట్టింది. పాత కట్టడాలని కొలతలు తీసి రికార్డు చేసినట్టే కార్లనీ చేస్తారు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తారు, చరిత్ర రాస్తారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో పత్రాలతో సహా జతపరిచి, అదంతా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తారు. ఆ జాబితాలోకి ఎక్కిన హాట్ రాడ్ మెగీ రోడ్‌స్టర్. ఆ కాగితాల్లో మెగీ పేరు పక్కనే స్క్రిచ్‌ఫీల్డ్ పేరూ ఉంటుంది, 1948 ముఖచిత్రం పక్కనే బోనవిల్ రికార్డూ ఉంటుంది. కారు ఒంటి మీద కుదరనిది కాగితం మీద కుదురుతుంది. ఇప్పుడు కొత్తగా ఏ పాత హాట్ రాడ్ దొరికినా, రంగు గీకేముందు, వెల్డింగ్ మషీన్ ఆన్ చేసేముందు ఈ రికార్డు పని పూర్తవ్వాలి. ఒక్కో పొర రంగు కిందా ఏముందో ఫోటో తీసి, విప్పిన ఇంజన్నీ బ్రాకెట్లనీ పేర్లు రాసి దాచి, ఆ తర్వాతే ఏ ఏడాదికి తీసుకెళ్ళాలో తేల్చుకోవాలి.